యాఖూత్ కల: మౌలాలి గుట్ట చరిత్రలో ఒక బానిస జాడ

మాది కారంపూడి. ఊరి పేరు చెప్పగానే ఎదుటివాళ్ళు పల్నాటి యుద్ధం గురించి అడుగుతారు. నాగులేటి ఒడ్డున వీర్లగుడి వుంది. ఏటా కార్తీక అమావాస్యకి మొదలై రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు అని అయిదు రోజులు తిరునాళ్ళ సాగుతుంది. ఎక్కడెక్కడి నుంచో వీరాచారవంతులు కొణతాలు ఎత్తుకుని వస్తారు. పన్నెండో శతాబ్దంలో బ్రహ్మనాయుడు పెట్టాడని చెప్పే చాపకూడు గురించి మాలపల్లెలో పుట్టిన నాకు చిన్నప్పట్నుంచీ రెండు రకాల కథలు తెలుసు. బళ్ళో చెప్పిన కథలో బ్రహ్మనాయుడు మాలల్ని దగ్గరికి తీశాడు. పల్లెలో చెప్పిన కథలో మాల కన్నమదాసు లేకపోతే బ్రహ్మనాయుడికి సైన్యమే లేదు. కథ ఒకటే. ఎవరు ఎవరికి ఏమిచ్చారన్న దగ్గరే తేడా వస్తుంది.

అచ్చయిన పుస్తకాల్లోనూ ఇదే తేడా. 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు అచ్చువేసింది శ్రీనాథుడి పేరుమీద వున్న ద్విపద. అది శ్రీనాథుడిదా కాదా అని పండితులు ఏళ్ళ తరబడి వాదించుకున్నారు. 1982లో జీన్ రోఘెయిర్ అనే అమెరికా పరిశోధకుడు ఇంగ్లీషులో తెచ్చింది అలిసెట్టి గాలేయ్య అనే మాల గాయకుడు పాడిన కథ. గాలేయ్యకి ముందు ఆ కథని నోటితో మోసుకొచ్చిన తరాల వాళ్ళకి కర్తృత్వం ఇవ్వాలా వద్దా అని మాత్రం ఏ పండితుడూ వాదించలేదు.

ఈ వ్యాసం కారంపూడి గురించి కాదు. హైదరాబాదుకి ఈశాన్యాన వున్న మౌలాలి గుట్ట గురించి. అయితే ఆ గుట్టని నేను చూసిన చూపు మా వూళ్ళో నేర్చుకున్నదే కాబట్టి అక్కడ మొదలుపెట్టాను. ఒక సెమినార్‌లో ఈ పని గురించి చెప్పినప్పుడు ఒక పెద్దమనిషి, "సుల్తాను కట్టించిన దర్గాలో దళితుల చరిత్ర ఏముంది?" అన్నాడు. ఆ ప్రశ్న అడిగినందుకు ఆయనకి రుణపడి వున్నాను. సుల్తాను కట్టించాడు నిజమే. కట్టించమని సుల్తానుకి చెప్పిందెవరు?

మౌలాలి అంటే మౌలా అలీ. మహమ్మదు ప్రవక్తకి పెదతండ్రి కొడుకు, అల్లుడు అయిన అలీ. 661లో ఇరాక్‌లోని కూఫాలో హత్యకు గురయ్యాడు. ఆయన గోరీ నజఫ్‌లో వుందని షియాల నమ్మకం. ఆయన దక్కనుకి రాలేదు. కనుక మౌలాలి గుట్ట మీద గోరీ లేదు. జనం దర్గా అంటారు గానీ లెక్కప్రకారం అది దర్గా కూడా కాదు, అలీ గుర్తు వున్న చోటు. షియాలకి అలీ మొదటి ఇమాము. సున్నీలకి నాలుగో ఖలీఫా. సూఫీ గురుపరంపరల్లో చాలావాటికి మొదటి కొస ఆయన దగ్గరే వుంటుంది. గుట్ట ఎక్కే మామూలు జనానికి ఈ లెక్కలేవీ పట్టవు. పట్టనక్కర్లేదు కూడా.

గుట్ట అంతా నల్లరాయి. కింద నుంచి నాలుగు వందలకు పైగా మెట్లు. పైన గోడలు, కమాను, ఆ కమాను లోపల ఒక రాయి. ఆ రాతి మీద ఒక చెయ్యి అచ్చు. ఇక్కడి భక్తికంతా మూలం ఆ చెయ్యే.

దాని కథ హైదరాబాదు పాత రాతల్లో ఇలా వుంది. ఇబ్రహీం కుతుబ్‌షా గోల్కొండని ఏలుతున్న రోజులు (1550-1580). 1578వ సంవత్సరం. ఆయన కొలువులో యాఖూత్ అనే ఖ్వాజాసరా వున్నాడు. జబ్బుపడ్డాడు. రజబ్ నెల పదిహేడో రాత్రి కలలో ఆకుపచ్చ బట్టలు కట్టుకున్న మనిషొకడు వచ్చి, మౌలా అలీ నిన్ను పిలుస్తున్నాడు, రమ్మన్నాడు. యాఖూత్ వెంట వెళ్ళాడు. గుట్ట మీద అలీ కూర్చుని వున్నాడు. కుడిచెయ్యి ఒక బండ మీద ఆన్చి వుంది. నోరు విప్పి మాట్లాడేలోపే మెలకువ వచ్చింది. తెల్లారి వెతుక్కుంటూ గుట్ట ఎక్కితే బండ మీద చెయ్యి ఆనవాలు కనపడింది. ఆ భాగాన్ని తొలిపించి, అక్కడే పెద్ద కమాను కట్టించి అందులో పెట్టించారు. తర్వాత సుల్తాను గుట్ట ఎక్కాడు. అప్పట్నుంచి ఏటా రజబ్ పదిహేడున కొలువంతా అక్కడికి కదిలేది.

ఒక సంగతి గుర్తుపెట్టుకుందాం. హైదరాబాదు నగరం పుట్టింది 1591లో. అంటే చార్మినార్ కంటే, నగరం కంటే, పదమూడేళ్ళ ముందరిది ఈ గుట్ట కథ. నగరాన్ని కట్టిన సుల్తాను ప్రేమకథ గురించి వందలకొద్దీ పేజీలున్నాయి. యాఖూత్ గురించి వున్నది ఒక్క కల.

ఖ్వాజాసరా అంటే ఎవరో కొంచెం నిలబడి చూడాలి. చిన్నప్పుడే బీజాలు కోసేసి, జనానాలో పనికి పెట్టిన బానిస. ఆ కోతకి చచ్చిపోయిన పిల్లలు ఎంతోమంది. బతికినవాణ్ణి అంగట్లో ఎక్కువ ధరకి అమ్ముతారు. అమ్మా నాన్నా పెట్టిన పేరు పోతుంది. కొన్నవాడు కొత్త పేరు పెడతాడు. అది ఎక్కువగా రత్నాల పేరో, అత్తరు పేరో అయ్యేది. యాఖూత్ అంటే కెంపు. అంబర్ ఒక సుగంధ ద్రవ్యం. ఢిల్లీలో రజియా సుల్తానా కొలువులో పెద్ద హోదాకి ఎదిగి తురుష్క అమీర్ల కోపానికి బలైన హబ్షీ పేరు జమాలుద్దీన్ యాఖూత్. అహ్మద్‌నగర్ రాజ్యాన్ని మొగలాయిల చేతికి చిక్కకుండా ఏళ్ళపాటు కాపాడిన మలిక్ అంబర్ (1548-1626) ఇథియోపియాలో పుట్టి, చేతులు మారి అమ్ముడుపోయి దక్కను చేరిన బానిస. విలువైన వస్తువు పేరు పెడతారంటే అది గౌరవం కాదు. సొంతదారుడి సందూకులో ఇదీ ఒకటి అని చెప్పడం. మనవాళ్ళకి దొరలు పెట్టిన పేర్లు, కరణాలు పుస్తకంలో ఎక్కించిన పేర్లు ఎలాంటివో మనకి తెలుసు కదా. పెంటయ్య, పుల్లిగాడు, ఎంగిలమ్మ. ఒకటి కెంపు, ఇంకొకటి పెంట. పేరు పెట్టే హక్కు మాత్రం రెండు చోట్లా అవతలివాడిదే.

యాఖూత్ కొలువులో పెద్ద హోదాలోనే వున్నాడు. ఆ హోదా బానిసత్వాన్ని తీసెయ్యదు. పిల్లలు పుట్టరు, కులం లేదు, గోత్రం లేదు, ఆస్తి దాచుకుని ఎవరికో ఇస్తాడన్న భయం లేదు కాబట్టే జనానా తలుపు తాళం అతని చేతికిచ్చారు. ఇలాంటి మనిషి సుల్తానుకి, "ఫలానా గుట్ట మీద ఫలానాది కట్టించు" అని చెప్పగలడా? సొంత నోటితో చెప్పలేడు. కలలో అలీ చెప్పాడు అంటే చెప్పగలడు. షియా సుల్తాను ఆ మాటని తోసెయ్యలేడు. ఇది నా వ్యాఖ్యానం. యాఖూత్ దొంగ కల చెప్పాడని నేను అనడం లేదు. జబ్బుతో మంచంలో పడివున్న బానిసకి, నిన్ను పేరుపెట్టి పిలిచే పెద్దదిక్కు ఒకటుందని కల రావడం కంటే సహజం ఏముంది? నేననేది వేరు. సనదు, ఫర్మానా, శాసనం రాయించగలిగినవాళ్ళ చరిత్ర రాయి మీద, రాగి మీద వుంటుంది. అవి రాయించలేనివాడి దగ్గర వున్న దస్తావేజు కల ఒక్కటే. పల్లెల్లో పోలేరమ్మ పూనకంలో మాలామె, మాదిగామె ఊరిపెద్దల్ని ముఖంమీద అడగాల్సినవి అడిగేస్తుంది. తెల్లారితే ఆ మాట ఆమె అనలేదు, అమ్మవారు అంది. ఊరిపెద్ద తలవంచుతాడు. యాఖూత్ కలని నేను ఆ వరసలో పెడతాను.

"మౌలా" అనే మాటలోనే ఇంకో విశేషముంది. అరబ్బీలో ఆ మాటకి యజమాని అనే అర్థం వుంది. విడుదలైన బానిస, ఆ విడుదల తర్వాత యజమాని తెగకి అంటిపెట్టుకున్నవాడు అనే అర్థమూ వుంది. తొలి ఇస్లాం చరిత్రలో మవాలీలు అనే ఒక పెద్ద వర్గం గురించి చదువుతాం. అరబ్బులు కాని, కొత్తగా మతంలోకి వచ్చిన జనం. మతం సమానమంది, అరబ్బు దొరలు సమానంగా చూడలేదు. వాళ్ళలో చాలామంది అలీ పక్షాన చేరారు. గుట్ట పేరు పలికినప్పుడల్లా ఒకే మాటలో దొరనీ, దొర దగ్గర్నుంచి విడుదలైనవాణ్ణీ పలుకుతున్నామన్నమాట. ఈ సంగతి తెలిసినప్పట్నుంచీ బస్సు కండక్టరు "మౌలాలీ, మౌలాలీ" అని అరుస్తుంటే నాకు ఇంకోలా వినపడుతోంది.

ఇబ్రహీం కుతుబ్‌షా తెలుగువాళ్ళకి కొత్తవాడేం కాదు. యువరాజుగా వున్నప్పుడు అన్నకి భయపడి విజయనగరంలో ఏళ్ళ తరబడి తలదాచుకున్నాడు. తెలుగు వచ్చు. తెలుగు కవులు ఆయన్ని మల్కిభరాముడని పిలుచుకున్నారు. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానం ఆయనకి అంకితమిచ్చాడు. ఆయన కింది అధికారి అమీన్‌ఖానుకి పొన్నికంటి తెలగన యయాతి చరిత్ర అంకితమిచ్చాడు. సాహిత్య చరిత్రలన్నీ దీన్ని మతసామరస్యానికి ఉదాహరణగా చెబుతాయి. చెప్పనీయండి, అబద్ధం కాదు. కాకపోతే ఆ సామరస్యం సుల్తానుకీ, అమీనుకీ, కవికీ మధ్య జరిగింది. సింహాసనం పక్కన చేతులు కట్టుకుని నిలబడ్డ ఖ్వాజాసరా ఆ పద్యాల్లో లేడు. గుట్ట మెట్లు కొట్టిన చేతులూ లేవు. ఈ నేల మీద రాయి పని తరతరాలుగా వడ్డెర్లది. బరువు మొయ్యడం బోయీలది. నల్లరాతి గుట్ట మీదికి సున్నం, నీళ్ళు ఎలా చేరాయో ఆలోచిస్తే చాలు, ఇంకెంతమంది పేర్లు రాలిపోయాయో తెలుస్తుంది.

యాఖూత్ కల వచ్చిన మరుసటేడు, 1579లో, ఇబ్రహీం సైన్యం కొండవీడుని పట్టుకుంది. అలా మా పల్నాటి పొరుగు సీమ గోల్కొండ కిందికొచ్చింది. కొండవీటికి వాళ్ళు ముర్తజానగర్ అని పేరు పెట్టారు. గుంటూరు సర్కారుని ఇంగ్లీషు కంపెనీ కాగితాల్లో కూడా చాలాకాలం ఆ పేరుతోనే రాశారు. ముర్తజా అనేది అలీ బిరుదు. ఒకవైపు బానిస కలలోంచి అలీ గుట్ట మీదికొచ్చాడు. ఇంకోవైపు సుల్తాను కత్తితో అలీ బిరుదు కొండవీటి మీదికొచ్చింది. కత్తితో వచ్చిన పేరు ఇప్పుడు గజెటీర్లలో తప్ప ఎక్కడా లేదు. గుంటూరులో ఎవర్నైనా ముర్తజానగర్‌కి దారి అడిగి చూడండి.

1687లో ఔరంగజేబు గోల్కొండని తీసుకున్నాక రజబ్ ఉత్సవాల వైభవం పోయింది. అసఫ్‌జాహీల కాలంలో మళ్ళీ లేచింది. వాళ్ళు సున్నీలు. అయినా రెండో అసఫ్‌జా నిజాం అలీఖాన్ (పాలన 1762-1803) కొలువుతో సహా గుట్ట కింద గుడారాలు వేసుకుని రోజుల తరబడి వుండేవాడు. అలీ పుట్టిన రోజు రజబ్ పదమూడు నుంచి యాఖూత్ కల రోజు పదిహేడు దాకా పండగ. అమీర్లు గుట్ట చుట్టూ తోటలు, దేవిడీలు కట్టుకున్నారు. అంటే రెండు శతాబ్దాల తర్వాత కూడా నిజాం కొలువు పంచాంగంలో ఒక తేదీని నిర్ణయించింది ఒక బానిస జబ్బుపడ్డ రాత్రి.

గుట్ట చరిత్రలో ఇంకో మనిషి దగ్గర ఆగాలి. మహలఖా బాయి చందా (1768-1824). తల్లి రాజ్‌కన్వర్ బాయి. ఆటపాటలతో బతికే కుటుంబం. రాజ్‌కన్వర్ కడుపుతో వుండగా గుట్ట దగ్గరికొస్తే కడుపు పోయేలా అయిందనీ, మౌలా అలీకి మొక్కుకుంటే బిడ్డ నిలిచిందనీ, ఆ బిడ్డే మహలఖా అనీ చెబుతారు. ఆమె నిజాం కొలువులో నర్తకి, ఉర్దూ కవయిత్రి, గుర్రమెక్కి వేటకీ యుద్ధానికీ వెళ్ళిన మనిషి. జాగీర్లు సంపాదించింది. 1792లో గుట్ట కింద తల్లికి గోరీ కట్టించింది. ఆ ఆవరణలోనే మసీదు, దిగుడుబావి. తనూ అక్కడే తల్లి పక్కన పడుకుని వుంది. ఆమె జాగీర్లలో అడిక్‌మెట్ ఒకటి. తర్వాత ఉస్మానియా యూనివర్సిటీ వచ్చింది ఆ నేల మీదికే. మా ఇంట్లో మొదటిసారి డిగ్రీ అనే మాట పలికిన నాలాంటివాళ్ళు వచ్చి చదువుకున్న చోటు ఒక ఆటకత్తె భూమి అని క్యాంపస్‌లో నాకెవరూ చెప్పలేదు. 2010 తర్వాత ఆ గోరీ ఆవరణని బాగుచేశాక పత్రికల్లో కొంచెం రాశారు. అప్పుడు కూడా "సౌందర్యరాశి" అనే రాశారు.

మహలఖాని దళిత స్త్రీ అని నేననను. ఆమె జాగీర్దారిణి, ఆమె కింద రైతులు శిస్తు కట్టారు. కానీ పెళ్ళి లేని, తండ్రి వంశం చెప్పుకోలేని ఆడది గుట్ట కింద శాశ్వతంగా చోటు సంపాదించుకోవడానికి ఎంచుకున్న దారి చూడండి. మొక్కు. తల్లి మొక్కు. యాఖూత్‌కి కల ఎలాగో రాజ్‌కన్వర్‌కి మొక్కు అలాగ. వంశం లేని ఇద్దరు మనుషులు ఈ గుట్టకి హక్కుదార్లయ్యారు. ఇద్దరి దగ్గరా కాగితం లేదు. జోగినులు, కళావంతుల చరిత్ర రాస్తున్న మిత్రులు ఈ ఆవరణని ఒకసారి చూడాలని నా కోరిక.

ఇక మసీదు సంగతి. దర్గాకీ మసీదుకీ తేడా తెలియకుండా మన దగ్గర రెంటినీ కలిపేస్తుంటారు. మసీదుకి మహిమ అక్కర్లేదు. అక్కడ గుర్తులు, గోరీలు కొలవరు. పడమటి గోడ, వరసలు, అజా. ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు వరస. అజా మొదటిసారి ఇచ్చింది బిలాల్. మక్కాలో ఉమయ్యా అనేవాడి బానిస, ఇథియోపియా తల్లికి పుట్టిన నల్లవాడు. యజమాని ఎర్రటి ఎండలో ఇసుక మీద పడుకోబెట్టి గుండెల మీద బండ పెట్టినా మాట మార్చలేదంటారు. నమాజుకి పిలిచే మొదటి గొంతు బానిస గొంతు. గుట్ట మీది గుర్తుని మొదట చూసిన కళ్ళు బానిస కళ్ళు. పైన దర్గా, పక్కన మసీదు రెండూ ఒకే సంగతి చెబుతున్నాయని చెప్పాలనిపిస్తుంది. చెప్పెయ్యొచ్చు కూడా. కానీ అంబేడ్కర్‌ని చదివినవాళ్ళం అంత తేలిగ్గా చెప్పలేం. ముస్లిముల్లో కులం లేదన్న మాటని ఆయన ఒప్పుకోలేదు. పాకిస్తాన్ గురించి రాసిన పుస్తకంలో 1901 బెంగాల్ జనాభా లెక్కల్ని ముందు పెట్టి, అష్రాఫ్, అజ్లాఫ్, వాళ్ళ కింద అర్జాల్ అని వున్నారనీ, ఆ అర్జాల్‌ని మసీదులోకీ స్మశానంలోకీ రానివ్వని చోట్లున్నాయనీ చూపించాడు. బిలాల్ గొంతు అజాలో వుంది, బిలాల్ లాంటివాళ్ళు గడప బయట వున్నారు. మా వూళ్ళో కన్నమదాసు కథలో వున్నాడు, కన్నమదాసు కులంవాళ్ళు ఊరి బయట వున్నారు.

యాఖూత్ లాంటివాళ్ళ వారసులెవరు? ఖ్వాజాసరాలకి సంతానం వుండదు. కానీ బానిసలుగా, సిపాయిలుగా దక్కను చేరిన ఆఫ్రికా జనానికి వారసులున్నారు. హైదరాబాదులో ఏసీ గార్డ్స్ అనే పేట వుంది. ఏసీ అంటే ఆఫ్రికన్ కావలరీ, నిజాం కొలువులో ఆఫ్రికా గుర్రపు దళం. సంస్థానం 1948లో ఇండియాలో కలిసిపోయాక ఆ దళం పోయింది. మనుషులు మిగిలారు. చిన్న చిన్న నౌకర్లు, మర్ఫా వాద్యాలు. పెళ్ళిళ్ళలో వాళ్ళ మర్ఫా లేకపోతే పాతబస్తీ కదలదు. మాదిగ డప్పు లేకపోతే పల్లెలో పెళ్ళి కదలనట్టు.

2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పి.ఎస్. కృష్ణన్ నివేదిక మీద ఆధారపడి ముస్లిముల్లో వెనకబడ్డ వర్గాలకి బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం చేసింది. ఆ జాబితా తీసి చూడండి. దోబీ ముస్లిములు, హజామ్, ఫకీర్, గారడీ సాయిబులు, గోసంగి ముస్లిములు, తురక కాశ, అత్తరు సాయిబులు. అందులోనే సిద్దీ, యాబా, హబ్షీ. సయ్యదులు, మొగలులు, పఠాన్లు, అరబ్బులు, ఇరానీలు మొదలైనవాళ్ళు ఇందులోకి రారని కూడా రాశారు. ఇస్లాంలో కులాలు లేవనేవాళ్ళకీ, ముస్లిములందరూ ఒక్కటే ముద్ద అనేవాళ్ళకీ ఈ ఒక్క జాబితా చాలు. 2010లో హైకోర్టు చట్టాన్ని కొట్టేసింది, సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వుతో అమలు సాగింది. మరి ఎస్సీ హోదా? 1950 రాష్ట్రపతి ఉత్తర్వు హిందువుల్ని తప్ప ఎవర్నీ షెడ్యూల్డు కులంగా ఒప్పుకోలేదు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని చేర్చారు. ముస్లిం అయిన పాకీవాడు, క్రైస్తవుడైన మాల ఇంకా బయటే. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఈ మతం షరతు తీసెయ్యమంది. తియ్యలేదు. చర్చి రిజిస్టర్‌లో ఒక పేరు, బడి రిజిస్టర్‌లో ఇంకో పేరు పెట్టుకుని బతికే మా పల్లెలకి ఈ షరతు అంటే ఏంటో విప్పి చెప్పక్కర్లేదు. అందుకే బానిస కథ నాకు పాత కథలాగా అనిపించదు.

పల్లెల్లో పీర్ల పండగ సంగతి చదివేవాళ్ళకి తెలిసిందే. మొహర్రంలో పీర్ల చావిడిలో లేచే పంజా కూడా అలీ ఇంటివాళ్ళదే. అయిదు వేళ్ళ చెయ్యి. మౌలాలి బండ మీద చెయ్యి, మా పల్నాటి పీరు కొసన చెయ్యి. చాలా వూళ్ళల్లో చావిడి చూసేది దూదేకులవాళ్ళు, పీరు ఎత్తేది రకరకాల కులాలవాళ్ళు, డప్పు మాదిగలది. అసలు రాతి మీద మహాత్ముడి గుర్తుని కొలవడం మా సీమకి కొత్త కాదు. మాచర్ల అవతల నాగార్జునకొండలో ఇక్ష్వాకుల కాలపు బుద్ధపాదాలున్నాయి. 1600 ఏళ్ళకి పైబడ్డవి. మతాలు మారాయి. రాయినీ, గుర్తునీ చెయ్యి పెట్టి ముట్టుకోనిచ్చే చోటు కోసం వెతుక్కోవడం జనం మానలేదు. ముట్టుకోవడం అంటే ఏంటో ముట్టుకోనివ్వని వాళ్ళకే తెలుసు. గర్భగుడి గడప దగ్గర ఆపేసిన జనానికి, నువ్వూ వచ్చి ఈ చాదరు కప్పు, ఈ మాలీదా తిను అన్న చోటు ఎలా కనపడి వుంటుందో సామరస్యం మీద వ్యాసాలు రాసేవాళ్ళు ఆలోచించరు.

మా అమ్మని ఒకసారి మౌలాలికి తీసుకెళ్ళాను. మిరపకోతల మీద నడుము వంగిన మనిషి. మెట్లు చూసి, "ఇంత ఎత్తున ఎందుకు కూసున్నాడ్రా ఈ సామి?" అంది. అక్కడక్కడా కూచుంటూ ఎక్కింది. పైకెళ్ళాక దణ్ణం పెట్టుకుని, "ఈయన మన సైదులు సామికి ఏమవుతాడు?" అని అడిగింది. మా మేనమామ పేరు సైదులు. కృష్ణకి అవతల, ఇప్పటి సూర్యాపేట జిల్లా పాలకీడు మండలంలో జాన్‌పహాడ్ దర్గా వుంది. జనవరిలో ఉర్సు. ఏటికి రెండువైపుల నుంచీ జనం పోతారు. బిడ్డలు నిలవకపోతే సైదులుకి మొక్కుకుని ఆ పేరే పెట్టుకుంటారు. మా అమ్మమ్మ అలాగే పెట్టుకుంది. చర్చిలో మామయ్యకి బాప్తీస్మం పేరు వేరే వుంది. దాన్ని ఎవరూ పిలవగా నేను వినలేదు.

అమ్మ ప్రశ్నకి నా దగ్గర జవాబుంది. సైదులు అంటే సయ్యదు. సయ్యదులు తమ మూలపురుషుడు అలీ అని చెప్పుకుంటారు. "ముత్తాత అవుతాడమ్మా" అన్నాను. ఆమెకి తృప్తిగా వుంది. పుస్తకాలు తిరగేసి నేను కనుక్కున్న సంగతిని ఆమె చుట్టరికంగా ముందే పట్టుకుంది. తర్వాత కల కథ చెప్పాను. బానిస అంటే ఏంటో, ఖ్వాజాసరా అంటే ఏంటో విడమరిచి చెప్పాల్సొచ్చింది. విని చాలాసేపు మాట్లాడలేదు. దిగేటప్పుడు అడిగింది, "మరి ఆయన పేరు ఎవురన్నా పెట్టుకున్నారా?"

పల్నాటి పల్లెల పేర్లు రాసుకోవడం అలా మొదలైంది. హాజరు పట్టీలు, ఓటర్ల జాబితాలు, కూలిపని మస్టర్లు, సమాధుల మీది పేర్లు. ఏ దర్గా పేరు ఎంత దూరం పాకిందో, ఏ కులంలో ఎక్కువ నిలిచిందో ఆ పేర్లే చెబుతాయి. మాల మాదిగల ఇళ్ళల్లో, గొల్లల్లో, వడ్డెర్లలో, ఎరుకల్లో సైదులు, సైదమ్మ, మస్తాన్, మస్తానమ్మ, నాగుల్‌మీరా, హుస్సేనమ్మ, పీరయ్య తగులుతూనే వున్నారు. అలీ కూడా వున్నాడు, మౌలాలి అన్న పేరుతోనే. అమ్మ కోతలకెళ్ళిన చోటల్లా కొత్త పేరు వింటే నాకు ఫోన్ చేసి చెబుతోంది. యాకోబులు లెక్కలేనంతమంది, అది బైబిలు పేరు. యాఖూత్ ఇంతవరకూ ఒక్కడూ దొరకలేదు.